ముందు షాఫ్టు

1959 వానాకాలం మొదట్లో నన్ను హైదరాబాదులోని ఒక మోటారు డీలరు వర్క్‌షాపు నుంచి బయటి సర్వీసు విభాగానికి మార్చారు. హోదా పేరు సర్వీస్ ఇన్‌స్పెక్టర్. నాకు అప్పజెప్పిన ప్రాంతం నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు. మాది భువనగిరి. ఆ వైపు దారులూ మాటా నాకు తెలుసునని మేనేజరు నన్ను ఎంచుకున్నాడు. అంతకుముందు నేను వర్క్‌షాపులో ఫోర్‌మన్ కింద పనిచేసేవాణ్ణి. ఇన్‌స్పెక్టరు ఫోర్‌మన్ కన్నా ఒక మెట్టు పైన, మేనేజరుకు రెండు మెట్లు కింద.

పని చెప్పుకోవడానికి తేలిక. మేము అమ్మిన బండి ఎక్కడైనా మొరాయిస్తే యజమాని ఫిర్యాదు రాస్తాడు. నేను పనిముట్ల పెట్టె పట్టుకుని బస్సెక్కి వెళ్లి, బండిని పరీక్షించి, లోపం తయారీలో ఉందా, వాడకంలో ఉందా తేల్చి నివేదిక రాయాలి. తయారీలో ఉంటే ఖర్చు కంపెనీది. వాడకంలో ఉంటే యజమానిది. కాబట్టి నేను వెళ్లిన ప్రతి ఇంట్లో నన్ను మర్యాదగానూ అనుమానంగానూ చూసేవారు. ఆఫీసులోనూ అంతే.

మేము అమ్మే వాటిలో అన్నిటికన్నా ఖరీదైనది ఓడలో విదేశం నుంచి వచ్చే ఒక స్టేషన్ వాగన్. లోపల తోలు సీట్లు, ఎనిమిది మంది కాళ్లు చాపుకుని కూర్చునే జాగా, పైన గుడ్డ అతికిన కప్పు. మామూలు కార్లలో ఇంజను బలం వెనక చక్రాలకే పోతుంది. ఇందులో ఇంకో చిన్న లివరు ఉండేది. దాన్ని లాగితే ముందు చక్రాలకూ బలం అంది, నాలుగూ కలిసి తిరిగేవి. బురదలోనూ వాగు ఇసుకలోనూ అది ఎక్కి వెళ్లిపోతుందని మా సేల్స్ వాళ్లు చెప్పేవారు. అది నిజమే. జనం దాన్ని పెద్ద మోటరు అనేవారు. రెండు జిల్లాల్లో కలిపి అలాంటివి కొద్దిగానే ఉండేవి. కొన్నవాళ్లు దొరలు, మిల్లు యజమానులు, రోడ్డు కాంట్రాక్టర్లు.

కొన్నాక వాళ్ల అనుభవం వేరు. ఎండాకాలంలో పెట్రోలు గొట్టంలోనే ఆవిరై బండి నడిరోడ్డు మీద ఆగిపోయేది. డ్రైవర్లు పంపు మీద తడి గోనె కప్పి, చెట్టు కింద కూర్చుని అది చల్లారేదాకా ఎదురుచూసేవారు. స్ప్రింగు పట్టీలు విరిగేవి. నూనె కారని బండిని నేను చూడలేదు. కోస్గి దగ్గర ఒక పల్లినూనె మిల్లు యజమాని నాతో అన్నాడు: "సారు, ఇది కొన్ననాడు ఊరంత చూడనీకి వచ్చిన్రు. ఇప్పుడు ఆగిన ప్రతిసారి గట్లనే వస్తాన్రు." ఆయన నవ్వుతూ అన్నాడు గాని నివేదిక మీద సంతకం పెట్టేటప్పుడు నవ్వలేదు.

దసరా వెళ్లిన తర్వాత దేవరకొండ అవతల దొరలుండే ఒక గడి నుంచి ఫిర్యాదు వచ్చింది. యజమాని పేరు అనసూయమ్మ. వెనక ఇరుసులోని హాఫ్ షాఫ్టు మూడోసారి విరిగింది. ఇరుసు మధ్యనుంచి చక్రం దాకా బలాన్ని మోసుకుపోయే ఇనుప కడ్డీ అది. ఒక పక్కది విరిగితే రెండో పక్క చక్రం కూడా బండిని లాగదు. మొదటి రెండుసార్లు మా వర్క్‌షాపు వాళ్లు కొత్తవి వేసి, కారణం దగ్గర అధిక బరువు అని రాసి పంపారు. ఈసారి ఫిర్యాదుతో పాటు పోలీసుల ఉత్తరం కూడా ఉంది. బండి ఆగిపోవడం వల్ల ఒక పిల్ల ఆస్పత్రికి చేరేలోగా చనిపోయిందనీ, డ్రైవరు మీద కేసు ఉందనీ, ఈ రకం బండి సంగతి జిల్లా మోటారు అధికారికి తెలియదు కనుక డీలరు అభిప్రాయం కావాలనీ అందులో ఉంది. ప్రశ్న ఒకటే. వెనక షాఫ్టు విరిగినా ముందు చక్రాల బలంతో బండిని నడిపించే వీలు డ్రైవరుకు ఉందా, లేదా.

మేనేజరు ఉత్తరం నా చేతికిచ్చి, జాగ్రత్తగా రాయమన్నాడు. ఎవరి గురించి జాగ్రత్తో చెప్పలేదు. స్టోర్సు నుంచి ఒక కొత్త హాఫ్ షాఫ్టు తీసుకుని బయలుదేరాను.

దేవరకొండలో బస్సు దిగితే గడి వాళ్లు ఎడ్లబండి పంపారు. ఆ ఏడు వానలు ఆలస్యంగా పడ్డాయి. ఆముదం చేలు పలచగా ఉన్నాయి. గడి వాకిట్లో పనివాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు.

ఆ రోజుల్లో అలాంటి ఇళ్లలో ఆడవాళ్లు తలుపు చాటు నుంచి మాట్లాడేవారు. అనసూయమ్మ వసారాలో నా ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చుంది. నలభై ఏళ్లుంటాయి. భర్త ఆ బండి కొన్న మరుసటి ఏడు పోయాడు. పిల్లలు లేరు. బండిని అమ్మేయమని చుట్టాలందరూ చెప్పినా ఆమె వినలేదు. కోర్టు పేషీలకూ దూరపు చేల దగ్గరికీ తానే వెళ్లేది. ఆస్తి వ్యవహారాలు ఆమె మరిది జగన్నాథరావు చూసేవాడు; ఊళ్లోవాళ్లు అతన్ని చిన్న దొర అనేవారు. చనిపోయిన పిల్ల అతని ఒక్కగానొక్క కూతురు. పేరు సరోజ. ఐదేళ్లు.

జరిగింది ఆమె ఎక్కడా ఆగకుండా చెప్పింది. పిల్లకు గొంతు వాచి ఊపిరి ఆడటం కష్టమైంది. ఇది తన చేతిలో లేదని, వెంటనే నల్లగొండ పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మని ఊరి వైద్యుడు అన్నాడు. జగన్నాథరావు పేషీ కోసం ముందే నల్లగొండ వెళ్లి ఉన్నాడు. అనసూయమ్మ, పిల్ల తల్లి కలిసి పిల్లను బండిలో వేసుకుని బయలుదేరారు. దేవరకొండ దాటిన తర్వాత ఒక ఎత్తు గడ్డ ఎక్కుతుండగా వెనక నుంచి పెద్ద చప్పుడు వచ్చింది. ఇంజను తిరుగుతూనే ఉంది, బండి మాత్రం కదలలేదు. డ్రైవరు సాయిలు దిగి చూసి, ఇక పోదని చెప్పి, రోడ్డు వెంట పరుగెత్తాడు. పక్క ఊరి నుంచి ఎడ్లబండి తెచ్చాడు. దానిలో కొంత దూరం పోయాక ఒక లారీ దొరికింది. దవాఖాన చేరేసరికి పిల్ల లేదు.

"నా ఒళ్లెనే పోయింది," అంది అనసూయమ్మ. "లారీల ఉన్నప్పుడే నాకు తెలిసింది. వాళ్లమ్మకు చెప్పలే. దవాఖాన దాక చెప్పలే."

తర్వాత బండి సంగతి ఎత్తింది. "ఈ బండి ఆగినప్పుడల్ల నన్ను ఇంట్ల కూసోబెట్టనీకి ఒక మాట దొరికేది వీళ్లకు. నేను పట్టించుకోలే. ఇప్పుడు ఏమనాలె? మీరు చూసి ఉన్నది ఉన్నట్టు చెప్పున్రి. తప్పు బండిదైతే బండిది. సాయిలుదైతే సాయిలుది. అమ్మక పట్టుకున్నందుకు నాదైతే నాది."

జగన్నాథరావు అప్పుడే లోపలికి వచ్చాడు. గడ్డం మాసింది. మనిషి ఒడ్డూ పొడవూ ఉన్నవాడే గాని, చొక్కా లోపల ఎవరూ లేనట్టుగా వేలాడుతోంది. అతను కూర్చోలేదు.

"బండి కొన్ననాడు మీ కంపెనీ మనిషే వచ్చి చూపించిండు," అన్నాడు. "వెనక విరిగినా ముందు గేరు ఏస్తే కొండ గూడ ఎక్కుతదన్నడు. నా చెవులతోని విన్న. వాడు గేరు ఎందుకు ఎయ్యలే? తాగి ఉన్నడు, తోచలే. గంతే. ఏ ఇంజనీరు రానక్కరలేదు దీనికి."

ఆ రోజు సాయిలు దగ్గర కల్లు వాసన రాలేదని అనసూయమ్మ మెల్లగా అంది. అతను ఆమె వైపు చూడలేదు. ఇది అంతకుముందే చాలాసార్లు జరిగిన మాటలా ఉంది.

బండిని ఎడ్లతో లాగించి గడి వెనక కొట్టంలో పెట్టారు. పరీక్షకు ఒక పద్ధతి ఉంటుంది. ఫిర్యాదు ఏ భాగం గురించో అక్కడ మొదలుపెట్టి, ఆ తర్వాత దానితో సంబంధం ఉన్న ప్రతి భాగాన్నీ చూడాలి. ఇంట్లోవాళ్లు ఏం చెప్పినా చూడకుండా రాయకూడదు. వెనక చక్రాన్ని జాకీతో లేపి, మూత విప్పి, విరిగిన షాఫ్టు రెండు ముక్కలూ బయటికి లాగాను.

ఇనుము విరిగిన చోటు చూస్తే అది ఎలా విరిగిందో కొంతవరకు తెలుస్తుంది. ఒక్కసారి బలం మించి విరిగితే ఆ ముఖమంతా ఒకే రంగులో గరుకుగా ఉంటుంది. ఇక్కడ అలా లేదు. సగం పైగా నల్లబడి, నున్నగా అరిగి, నూనె పట్టి ఉంది. మిగతాది మాత్రమే కొత్తగా, బూడిద రంగులో మెరుస్తోంది. అంటే పగులు ఎన్నో వారాల కిందటే మొదలై లోలోపల పాకుతూ వచ్చింది. ఆ రోజు గడ్డ ఎక్కేటప్పుడు మిగిలిన కొద్దిపాటి ఇనుము తెగింది. దీన్ని మా భాషలో ఫెటీగ్ అంటారు. లోహం అలసిపోవడం. బయటినుంచి చూసి దాన్ని పట్టుకోవడం ఏ డ్రైవరు వల్లా కాదు. షాఫ్టు ఆ బండి బరువుకు సన్నమని నాకు అప్పటికే అనుమానం. మూడోది కూడా అలాగే పోయేసరికి అది నిశ్చయమైంది.

తర్వాత ముందు చక్రాల వైపు చూడటానికి బండి కిందికి దూరాను. గేరు పెట్టె నుంచి ముందు ఇరుసు దాకా పొడవుగా ఒక ప్రొపెల్లర్ షాఫ్టు ఉండాలి. ముందు చక్రాలకు బలం అందేది దాని ద్వారానే. అది లేదు. బోల్టులు విప్పిన రెండు చివరలకూ గోనెగుడ్డ చుట్టి తాడుతో కట్టారు. గోనె మీద మట్టి గట్టిపడి ఉంది. అది నిన్నా మొన్నా చేసిన పని కాదు. లోపల లివరు మాత్రం ఉన్నచోటనే ఉంది. దాన్ని లాగినా లాగకపోయినా ఒకటే.

పోలీసులు అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది. కొట్టంలో నాకు సాయం చేస్తున్న మనిషిని ఆ షాఫ్టు ఎక్కడుందని అడిగితే, ఎడ్ల కొట్టంలో దూలం మీద ఏదో ఇనుప సామాను ఉందన్నాడు. వెళ్లి చూస్తే అదే. జాగ్రత్తగా గ్రీజు పూసి, గోనెలో చుట్టి పెట్టారు. విప్పినవాడికి పని తెలుసు. కావాలనే విప్పాడు, మళ్లీ బిగించే ఉద్దేశంతోనే దాచాడు.

సాయిలు జామీను మీద బయట ఉన్నాడు. లైసెన్సు ఠాణాలో ఉంది. వాళ్లది గొర్లకాపరుల ఇల్లు. ఊరికి కొంచెం దూరంలో గూడెం లాంటి చోట ఉంటారు. నేను వెళ్లేసరికి దొడ్డిలో ఒక గొర్రె కాలు పట్టుకుని గిట్టలో ఇరుక్కున్న ముల్లు తీస్తున్నాడు. పోలీసులోనో మిలిటరీలోనో డ్రైవింగు నేర్చుకున్నవాడిలా నిటారుగా నిలబడి దండం పెట్టాడు. ఎడమ కన్ను కింద దెబ్బ ఇంకా పూర్తిగా మానలేదు.

ముందు షాఫ్టు ఎవరు విప్పారని అడిగాను.

"నేనే ఇప్పిన సారు."

"ఎందుకు?"

గొర్రెను మంద వైపు తోలాడు. "చిన్న దొర ఇప్పుమన్నడు. ఎవలో కంట్రాక్టరు చెప్పిండంట, అది తీసేస్తే పెట్రోలు తక్కువ తాగుతదని. వానకాలంల బురదల కావాలె దొరా అన్న. వానలు పడ్డంక బిగిద్దాంలే అన్నడు. ఈ యేడు వానలే ఎనక పడె. ఎవలకు యాదికుంటది."

"మరి ఠాణాలో ఈ మాట ఎందుకు చెప్పలేదు?"

గుడిసె ముందు రోట్లో జొన్నలు దంచుతున్న అతని భార్య చెయ్యి ఆపింది. నేను మళ్లీ అడిగాను.

"దవాఖాన కాడ చిన్న దొర పిల్లను ఎత్తుకొని ఎట్ల కూసున్నడో నేను చూసిన సారు," అన్నాడు సాయిలు. "గప్పుడే నన్ను కొట్టిండు. కొట్టనీ అనుకున్న. ఆ మనిషికి గీ మాట ఎట్ల చెప్పాలె? నువ్వు ఇప్పుమన్నందుకే గిట్లయింది అని ఎట్ల అనాలె? నాకు లైసెన్సు పోతది. గంతే గద. గొర్లున్నయి."

"గంతే అంటాండు," అంది అతని భార్య రోకలి పక్కన పెట్టి. "తాగుబోతోని పిల్లలని ఊళ్లె మా పిల్లలను అంటాన్రు. బండి పని పట్టినంక ఈ మనిషి కల్లు ముట్టలే. జైలుకు పోతే మందను ఎవలు కాస్తరు? సారు, మీరు రాయున్రి. ఉన్నది రాయున్రి."

"రాయకున్రి సారు," అన్నాడు సాయిలు. భార్య వైపు తిరగలేదు. "గా బిడ్డ తండ్రి పాణం నిలువది."

నేను ఇద్దరికీ ఏ మాటా ఇవ్వలేదు. ఇన్‌స్పెక్టరు పరీక్ష పూర్తయ్యేలోగా ఎవరికీ ఏమీ చెప్పకూడదన్నది నియమం. ఆ రోజు నియమం అడ్డం పెట్టుకోవడానికి ఉపయోగపడింది. లేకపోతే వాళ్లిద్దరిలో ఎవరికి జవాబు చెప్పేవాణ్ణో తెలియదు.

నివేదికలోని సంగతి మొదట యజమానికి చెప్పాలి. అది కూడా నియమమే. మర్నాడు పొద్దున అనసూయమ్మకు చెప్పాను. ముందు షాఫ్టు తీసేశారని ఆమెకు తెలియదు. ఎవరు తీయించారో నేను చెప్పకముందే ఆమెకు అర్థమైంది.

"నేను తిరుగుతున్ననని పెట్రోలు మిగులబెట్టబోయిండు," అంది. "వద్దంటే వింటలేనని గీ ఉపాయం. పగతోని చేసిన పని గాదు."

వెనక షాఫ్టు పగిలిన సంగతి ఒక్కటే రాస్తే సరిపోదా అని అడిగింది. సరిపోదని చెప్పాల్సి వచ్చింది. వెనకది ఎందుకు విరిగిందని పోలీసులు అడగలేదు. ముందు గేరు ఎందుకు వేయలేదని అడిగారు. షాఫ్టు లేదని రాయకపోతే గేరు ఉండీ వేయలేదని అర్థం వస్తుంది. సాయిలుకు శిక్ష పడుతుంది. అలాగని నివేదికలో ఎవరు తీయించారని రాసే కాలమ్ ఏదీ లేదు. బండి ఏ స్థితిలో ఉందో రాయడం వరకే నా పని.

"అయితే రాయున్రి," అంది. "కాని ఆయనకు గీ సంగతి ఠాణాల, పదిమంది ముందట తెలువొద్దు. ఈ ఇంట్లనే తెలువాలె. నేనుండంగ తెలువాలె."

ఆ మధ్యాహ్నం జగన్నాథరావును పిలిపించింది. వసారాలో మేము ముగ్గురమే. నేను రాసుకున్నది ఇంగ్లీషులో ఉంది. తెలుగులో మెల్లగా చెప్పాను. వెనక షాఫ్టు పాత పగులు వల్ల విరిగింది. డ్రైవరు తప్పు ఏమీ లేదు. ముందు ప్రొపెల్లర్ షాఫ్టు ప్రమాద సమయానికి బండికి లేదు. అందువల్ల ముందు గేరు వేసినా బండి కదిలే వీలు లేదు.

చివరి మాట దగ్గర అతని ముఖం చూశాను. మొదట ఏమీ అర్థం కానట్టే ఉన్నాడు. ముందు షాఫ్టు అంటే ఏదని అడిగాడు. ఎడ్ల కొట్టంలో దూలం మీద ఉన్నదని చెప్పాను. ఆ మాట తర్వాత అతను కుర్చీ చెయ్యి పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. ఆ ఇంట్లో నేనున్న అంతసేపట్లో అతను కూర్చోవడం చూడటం అదే మొదలు.

"అది ఉంటే బండి ఎక్కుతుండెనా?" అన్నాడు.

"ఎక్కేది."

"నల్లగొండ దాక పోతుండెనా?"

"మెల్లగా పోయేది."

"పిల్ల బతుకుతుండెనా?"

అది నాకు తెలియదని, నేను చెప్పగలిగింది బండి సంగతి వరకేనని అన్నాను. నిజం కూడా అంతే. ఆ జబ్బుతో దవాఖానకు వేళకు చేరినవాళ్లు కూడా పోయేవారని తర్వాత ఒక డాక్టరు నాతో అన్నాడు. అప్పుడు ఆ మాట నాకు తెలిసి ఉన్నా చెప్పడానికి నేను తగినవాణ్ణి కాదు.

"జగన్నాథం," అంది అనసూయమ్మ. "నువ్వు తెలిసి చేసినవా?"

అతను తల అడ్డంగా ఆడించాడు. అతను లేచి వాకిలి దాటి కొట్టం వైపు వెళ్లాడు. వెళ్లి చూడమన్నట్టు ఆమె నా వైపు చూసింది.

నేను వెళ్లేసరికి షాఫ్టును దూలం మీద నుంచి దించి, రెండు చేతులతో ఎత్తుకుని వస్తున్నాడు. గోనె జారిపోయి గ్రీజంతా తెల్లచొక్కాకు అంటింది. పనివాళ్లు సాయం చేయబోతే వద్దన్నాడు. బండి పక్కన దించి, దీన్ని బిగించడం మీకొస్తదా అని నన్ను అడిగాడు. వస్తుందన్నాను. నేను కిందికి దూరి ఒక చివర బోల్టులు ఎక్కిస్తుంటే అతను మట్టిలో పడుకుని రెండో చివర కదలకుండా పట్టుకున్నాడు. ఈ పని అలవాటు లేని మనిషి అలా పట్టుకోవడం కష్టం, చెయ్యి లాగుతుంది. అతను వదల్లేదు. వెనక కొత్త హాఫ్ షాఫ్టు కూడా వేసి, బండిని కొట్టం నుంచి బయటికి నడిపి, ముందు గేరు వేసి చూపించాను. నాలుగు చక్రాలూ తిరిగాయి. అతను చూసి, లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు ఠాణాకు నేను బండిలో బయలుదేరాను. అతను అందులో ఎక్కనని చెప్పి ఎడ్లబండిలో వచ్చాడు. నా నివేదిక చదివిన సబ్ ఇన్‌స్పెక్టరు షాఫ్టు ఎవరు తీయించారని నన్ను అడిగాడు. నేను జవాబిచ్చేలోగా అప్పుడే లోపలికి వచ్చిన జగన్నాథరావు, "నేనే," అన్నాడు. సాయిలు మీద తానిచ్చిన ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని రాసిచ్చాడు. సాయిలు గోడ పక్కన నిలబడి ఉన్నాడు. తన మీది కేసు తీసేసే ఆ కాగితం మీద దొర సంతకం పెడుతున్నంతసేపూ అతను బయటికే చూస్తూ ఉన్నాడు. లైసెన్సు అందుకుని దండం పెట్టాడు. ఎవరికి పెట్టాడో చెప్పలేను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

ఆఫీసులో ఆ నివేదికతో జరిగింది కూడా చెప్పాలి. వెనక షాఫ్టు మూడుసార్లూ బలం చాలకనే విరిగిందని, తప్పు తయారీదని నేను స్పష్టంగా రాశాను. విరిగిన ముక్కలు కూడా జతచేశాను. కంపెనీ నుంచి వచ్చిన జవాబు రెండు వాక్యాలు. యజమాని బండిలోని భాగాలను అనుమతి లేకుండా తొలగించినట్టు మీ ఇన్‌స్పెక్టరే రాశాడు కనుక హామీ వర్తించదు. సౌజన్యం కింద ఈసారికి షాఫ్టు ఉచితం. ముందు షాఫ్టు తీసేయడానికీ వెనక షాఫ్టు పగలడానికీ ఏ సంబంధమూ లేదని మేనేజరుకు రాతపూర్వకంగా ఇచ్చాను. నిర్ణయం కంపెనీది, పరీక్ష మాత్రమే నీది అని ఆయన నోటిమాటగానే చెప్పాడు. ఒకటి రెండేళ్ల తర్వాత వచ్చిన బండ్లకు వెనక షాఫ్టులు లావుగా ఉన్నాయి. ఎందుకు మార్చారో ఎవరూ మాకు చెప్పలేదు. పాత బండ్లవాళ్లకు అసలే చెప్పలేదు.

మరుసటి ఏడు వేరే ఫిర్యాదు మీద అటు వెళ్లినప్పుడు గడిలో ఆగాను. సాయిలును మళ్లీ పనికి రమ్మని జగన్నాథరావే కబురు చేశాడట. సాయిలు వచ్చి, వాకిట్లో నిలబడి, తనవల్ల కాదని చెప్పి సెలవు తీసుకున్నాడు. కోపంతో కాదని అనసూయమ్మ అంది. చిన్న దొర కనబడితే దవాఖాన యాదికొస్తుందని, తాను కనబడితే చిన్న దొరకూ అంతేనని చెప్పాడట. కృష్ణా నది మీద కడుతున్న ప్రాజెక్టు దగ్గర రాళ్ల లారీ నడపడానికి వెళ్లాడు. గొర్లు అమ్మేశారు. పిల్ల తల్లి పుట్టింటికి వెళ్లి ఇంకా రాలేదు. జగన్నాథరావు వ్యవహారాలన్నీ వదినెకు అప్పజెప్పి చేల దగ్గర ఇల్లు కట్టుకుని అక్కడే ఉంటున్నాడు. ఎక్కడికైనా నడిచే వెళ్తాడు.

బండి ఎలా ఉందని ఉద్యోగ ధర్మంగా అడిగాను.

"మంచిగనే ఉన్నది. ఎక్కడ ఆగుతలేదు," అంది అనసూయమ్మ. "ఎక్కేటోళ్లే తక్కువైన్రు."

ఆ ఉద్యోగంలో ఇంకా చాలా ఏళ్లు ఉన్నాను. ఈ కేసు తర్వాత నా పద్ధతిలో రెండు మార్పులు వచ్చాయి. ఏ బండి దగ్గరికి వెళ్లినా ఏం విరిగిందని అడిగే ముందు ఏం తీసేశారని అడిగేవాణ్ణి. యజమానులు చాలామందికి ఆ ప్రశ్న నచ్చేది కాదు, అయినా అడిగేవాణ్ణి. రెండోది, ప్రాణం పోయిన కేసుల్లో నివేదికను టపాలో పంపడం మానేశాను. స్వయంగా తీసుకెళ్లి, వినవలసిన మనిషి పక్కన అతనికి కావలసినవాళ్లు ఒకరు ఉన్నారని చూసుకుని, అప్పుడు చదివేవాణ్ణి. దానివల్ల ఏ నివేదికలోనూ ఒక్క అక్షరం మారలేదు.